నాన్నను ఊరికి తీసుకెళ్లే ముందు నొప్పి ఆపాలి

ప్రశ్న: మా నాన్నకు 68 ఏళ్లు. పాంక్రియాస్ (క్లోమగ్రంథి) క్యాన్సర్, కాలేయానికి పాకింది. హైదరాబాద్‌లో రెండుసార్లు కీమో ఇచ్చారు, తట్టుకోలేకపోయారు. "ఇక ఇంటికి తీసుకెళ్లండి" అన్నారు డాక్టరు. ఇప్పుడు జనగామలో మా అద్దె ఇంట్లో ఉన్నారు. రాత్రయితే కడుపులోంచి వీపులోకి నొప్పి. పడుకోలేక కూర్చునే ఉంటారు. దగ్గర్లోని ఆర్‌ఎంపీ వచ్చి నొప్పి ఇంజెక్షన్ చేసి, రోజూ ఒక సెలైన్ ఎక్కిస్తున్నాడు. జబ్బు పేరు నాన్నకు చెప్పొద్దని అమ్మ ఒట్టు పెట్టించుకుంది. డాలస్‌లో ఉన్న అన్నయ్య, "ఇంకో పెద్దాసుపత్రికి మార్చండి, డబ్బు నేను పంపుతా" అని రోజూ ఫోన్ చేస్తాడు. నాన్న మాత్రం ఊరికి తీసుకెళ్లమంటున్నారు. మార్ఫిన్ వాడమని ఒకరు చెప్పారు గానీ, అది మత్తుమందనీ, మొదలుపెడితే మనిషి ఇక లేవడనీ చుట్టాలు భయపెడుతున్నారు. ఇంటి ఓనరు కూడా "పెద్దాయన పరిస్థితి ఏందమ్మా" అని రెండుసార్లు అడిగాడు. నాకు ఏం చేయాలో తోచడం లేదు. (ఒక కూతురు, జనగామ)

సమాధానం:

చెల్లెమ్మా, మీ ఉత్తరంలో చాలా చిక్కుముడులున్నాయి. ముందు విప్పాల్సింది ఒక్కటే. మీ నాన్నగారు రాత్రుళ్లు పడుకోలేకపోతున్నారు. ఏ ఆసుపత్రి, ఏ ఊరు, ఎవరికి ఏం చెప్పాలి అన్నవన్నీ ఆ తర్వాతి సంగతులు. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషిని ఏమడిగినా "మీ ఇష్టం" అంటాడు, లేదా కసురుకుంటాడు. ఆ నొప్పి దిగితే ఆయన మనసులో ఏముందో ఆయనే చెబుతారు.

"ఇంటికి తీసుకెళ్లండి" అనే మాట విన్నాక చాలా కుటుంబాలు వైద్యం అక్కడితో అయిపోయిందనుకుంటాయి. అయిపోయింది కీమో మాత్రమే. నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్ర పట్టకపోవడం, భయం, వీటన్నిటికీ వైద్యం ఉంది. దాన్నే పాలియేటివ్ కేర్ అంటున్నారు. నిజానికి డిశ్చార్జి చేసే రోజే నొప్పి మందు చేతిలో పెట్టి, రాత్రి పూట ఎవరికి ఫోన్ చేయాలో రాసిచ్చి పంపాలి. మీకు అది జరగలేదు. కాబట్టి ఇప్పుడు మీరే వెళ్లి అడగాలి.

ఎక్కడ అడగాలంటే, తెలంగాణలో జిల్లా స్థాయి ప్రభుత్వ ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలు నడుస్తున్నాయి. మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వచ్చి చూసే వాళ్ల బండికి 'ఆలన' అని పేరు. మీ జిల్లా ఆసుపత్రిలో ఆ విభాగం ఎక్కడో కనుక్కుని, నాన్నగారి పేరు నమోదు చేయించి, ఇంటికి వచ్చి చూడమని అడగండి. తిరగడానికి మీకు తీరిక లేకపోతే ఆశా కార్యకర్తకుగానీ ఏఎన్‌ఎంకుగానీ చెప్పండి, పేరు అక్కడి దాకా చేర్చడం వాళ్లకు తెలిసిన పనే. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం చాలా ఏళ్లుగా ఉంది, మార్ఫిన్ అక్కడ దొరుకుతుంది. ఇంట్లో చూసుకోవడం ఇక ఎవరివల్లా కాని పరిస్థితి వస్తే, ఆఖరి దశలో ఉన్నవాళ్లను చేర్చుకుని చూసుకునే స్పర్శ్ హాస్పిస్ హైదరాబాద్‌లోనే ఉంది. అక్కడ రోగుల దగ్గర డబ్బు తీసుకోరు. ఈ చోట్ల ఫోన్ నంబర్లు ముందే ఫోన్‌లో వేసుకుని ఉంచుకోండి. అర్ధరాత్రి వెతుక్కునే పని పెట్టుకోవద్దు.

ఇక నొప్పి. పాంక్రియాస్ కడుపు లోపల వెన్నెముకకు ఆనుకుని ఉంటుంది, దాని వెనకే నరాల గుంపు. గడ్డ ఆ నరాలను పట్టుకుంటే నొప్పి వీపులోకి పోతుంది. వెల్లకిలా పడుకుంటే ఎక్కువవుతుంది, ముందుకు వంగి కూర్చుంటే కాస్త తగ్గుతుంది. మీ నాన్నగారు రాత్రంతా కూర్చోవడానికి కారణం అదే. మొండితనమని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి. ఈ నొప్పి ముందు ఆర్‌ఎంపీ చేసే ఇంజెక్షన్ చాలదు. అది డైక్లోఫెనాక్ లాంటిదైతే, రోజుల తరబడి చేయించుకుంటే కిడ్నీలు దెబ్బతింటాయి, కడుపులో రక్తస్రావం కావచ్చు. ఆయన ఏ ఇంజెక్షన్ వాడుతున్నాడో ఖాళీ సీసా అడిగి తీసుకుని పాలియేటివ్ డాక్టరుకు చూపించండి.

మార్ఫిన్ గురించి మీ చుట్టాలు చెబుతున్నది భయంతో చెబుతున్న మాట. ఆ భయానికి ఒక చరిత్ర ఉంది. 1985లో మత్తుమందుల చట్టం వచ్చాక లైసెన్సుల గొడవ ఎందుకని ఆసుపత్రులూ మందుల షాపులూ మార్ఫిన్‌ను పక్కన పెట్టేశాయి. ఒక తరం డాక్టర్లు దాన్ని రాయడమే మానేశారు. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి, వైద్యానికి మార్ఫిన్ దొరకడం తేలిక చేసింది. ఇప్పటికీ మామూలు మెడికల్ షాపులో అడిగితే లేదనే అంటారు. గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో దొరుకుతుంది.

మామూలు మార్ఫిన్ గోలీ వేసుకున్న అరగంటలో పనిచేయడం మొదలవుతుంది, దాదాపు నాలుగు గంటలు ఉంటుంది. అందుకే నాలుగు గంటలకొకటి చొప్పున, గడియారం చూసి వేయాలి. నొప్పి లేచాక వేద్దామని ఆగితే మందు ఎప్పుడూ నొప్పి వెనకే పరుగెత్తుతుంది. రాత్రి మధ్యలో లేపకుండా ఉండేలా పడుకునే ముందు ఎంత వేయాలో డాక్టరు చెబుతారు. రెండు మోతాదుల మధ్య నొప్పి పొడుచుకొస్తే అదనంగా వేయడానికి కూడా రాసిస్తారు. ఒక నోటుబుక్కులో ఏ గంటకు ఏం వేశారో, అదనంగా ఎన్నిసార్లు వేయాల్సి వచ్చిందో రాస్తూ పోండి. తర్వాతి మోతాదు ఎంతన్నది ఆ లెక్కను బట్టే నిర్ణయిస్తారు. మీ అంతట మీరు పెంచవద్దు, ఒక్కసారిగా ఆపనూ వద్దు.

మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటారు, వికారం ఉండొచ్చు. ఎన్నో రాత్రుల నిద్ర బాకీ ఉన్న మనిషి, నొప్పి దిగగానే నిద్రపోతారు. "చూశావా, లేవట్లేదు" అని ఎవరో ఒకరు అంటారు, కంగారు పడవద్దు. పిలిస్తే పలుకుతున్నారా అన్నది చూసుకోండి. ఎంత పిలిచినా కదిపినా కళ్లు తెరవకపోయినా, ఊపిరి మరీ నిదానించినా వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. మగత, వికారం వాటంతటవే పోతాయి. మలబద్ధకం మాత్రం పోదు, మార్ఫిన్ ఉన్నన్నాళ్లూ ఉంటుంది. కాబట్టి మొదటి రోజు నుంచే విరేచనం మందు కూడా రాయించుకోండి. ఇది మరచిపోవడం వల్లే చాలా ఇళ్లలో నాలుగో రోజుకు కడుపుబ్బి, "ఈ మందు పడలేదు" అని మార్ఫిన్ ఆపేస్తారు, నొప్పి మళ్లీ మొదలవుతుంది. కిడ్నీ పరీక్ష రిపోర్టు తప్పకుండా చూపించండి, కిడ్నీలు సరిగా లేకపోతే మోతాదు మారుతుంది. గోలీలు తాళం వేసిన చోట పెట్టండి. మిగిలినవి ఇచ్చిన చోటికే తిరిగి ఇచ్చేయండి.

నొప్పి కోసం వాడితే అలవాటు పడి మత్తుకు బానిసవుతారన్న భయం ఈ స్థితిలో అక్కర్లేదు. మార్ఫిన్ మొదలుపెట్టాక ఆయుష్షు తగ్గుతుందన్నదీ నిజం కాదు. సరైన మోతాదులో ఇస్తే నొప్పి దిగి లేచి కూర్చుని మనవలతో మాట్లాడిన వాళ్లను నేను ఎందరినో చూశాను. మాత్రలతో ఆగని నొప్పి అయితే, వీపు వైపు నుంచి ఆ నరాల గుంపుకే సూదితో మందు వేసే పద్ధతి కూడా ఉంది. పాంక్రియాస్ నొప్పికి అది బాగా పనిచేస్తుంది, హైదరాబాద్‌లో చేస్తారు. ఆయన ఇంకా ప్రయాణం చేయగలిగే స్థితిలో ఉన్నప్పుడే దాని గురించి అడగండి. కళ్లు పచ్చబడి ఒళ్లంతా దురద పెడుతుంటే అదీ చెప్పండి. పైత్యరసం దారి మూసుకుపోయి ఉంటే స్టెంట్ వేసి ఉపశమనం కలిగించవచ్చు. ఇంట్లో చూసుకోవడమంటే ఆసుపత్రి గడప తొక్కకూడదని కాదు కదా.

సెలైన్ గురించి మీ అమ్మగారితో నిదానంగా మాట్లాడాలి. "ఏం తినట్లేదు, గ్లూకోజన్నా ఎక్కకపోతే ఎట్లా" అన్నది ప్రతి ఇంట్లో వినే మాటే. ఒక సీసా మామూలు గ్లూకోజు బాటిల్‌లో ఉండేది ఐదారు చెంచాల పంచదార, అర లీటరు నీళ్లు. అది బలం ఇవ్వదు. ఈ జబ్బు ముదిరినప్పుడు ఒంట్లోకి పోయిన నీరు కాళ్లకు, కడుపుకు దిగి వాపు తెస్తుంది, ఊపిరితిత్తుల్లో చేరితే ఆయాసం పెంచుతుంది. ఆయన తిననందువల్ల నీరసించడం లేదు. జబ్బు వల్ల ఆకలి చచ్చిపోయింది, తిన్నది ఒంటబట్టడం లేదు. ఏది ఇష్టమో అది రెండు చెంచాలు చాలు. మజ్జిగ, పలుచటి జావ, చల్లటి ఐసు ముక్క, నాలుక కోరుకుంటే ఇంత మామిడికాయ పచ్చడి కూడా. వద్దంటే వద్దు. గిన్నె పట్టుకుని బతిమాలుతూ కూర్చునే అమ్మకు ఒక పని చెప్పండి. మెత్తటి గుడ్డ గోరువెచ్చటి ఉప్పునీళ్లలో తడిపి, గంటా రెండు గంటలకోసారి పెదాలు, చిగుళ్లు తుడవమనండి, తర్వాత పెదాలకు కాస్త వెన్నో కొబ్బరినూనో రాయమనండి. నోరు తడిగా ఉంటే దాహం చాలావరకు తీరుతుంది. ఆమె చేతికీ చేసిన తృప్తి దొరుకుతుంది.

ఇంట్లో ఏర్పాట్లు పెద్ద ఖర్చేం కాదు. తల వైపు లేపగలిగే ఆసుపత్రి మంచం, గాలి పరుపు అద్దెకు దొరుకుతాయి. మంచం గోడకు ఆనించకండి, రెండు వైపులా మనిషి నిలబడే చోటు ఉండాలి. పాత నేత చీర ఒకటి నాలుగు మడతలు వేసి భుజాల దగ్గర్నుంచి పిరుదుల కింది దాకా అడ్డంగా పరవండి. రెండు వైపులా ఇద్దరు ఆ చీర అంచులు పట్టుకుని లేపి జరిపితే ఆయన ఒళ్లు పరుపు మీద రాసుకోదు, మీ నడుమూ విరగదు. చేతులు పట్టి లాగితే నొప్పే కాదు, చర్మం చిట్లి పుండ్లు అక్కడే మొదలవుతాయి. మంచంలో కదల్లేని రోజు వచ్చినప్పటి నుంచి రెండు గంటలకోసారి పక్క మార్చాలి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా గాల్లో ఉంచండి. ఎక్కడైనా ఎర్రబడి, వేలితో నొక్కినా ఎరుపు పోకపోతే అక్కడ మర్దన చేయొద్దు, ఆ వైపు ఒత్తిడి పడకుండా చూడండి. నడుము కింద పెట్టే గాలి రింగులు కొనకండి, మేలు కన్నా కీడు ఎక్కువ చేస్తాయి. ఆయాసం వస్తే ఆక్సిజన్ మిషను కోసం పరుగెత్తే ముందు తల వైపు లేపి, చిన్న ఫ్యాను ముఖానికి తగిలేలా పెట్టి చూడండి.

అమ్మ పెట్టించుకున్న ఒట్టు గురించి. ఆమె ప్రేమతోనే అడిగింది, ఆ మాటకు మీరు కట్టుబడి ఉండటమూ నాకు అర్థమవుతుంది. కానీ రెండు కీమోలు చేయించుకుని, జుట్టు రాలి, బరువు సగానికి పడిపోయిన మనిషికి ఏమీ తెలియదనుకోవడం కష్టం. పాలియేటివ్ కేర్ పనిలో భాగంగా నేను వెళ్లిన ఒక ఇంట్లో, కుటుంబమంతా వరండాలో నిలబడి "నాయినకు తెల్వదు, చెప్పకండి" అని గుసగుసలాడారు. లోపల నేను బీపీ చూస్తుంటే ఆ పెద్దాయన నా మణికట్టు పట్టుకుని, "మేడం, నాకు తెలుసు. మా ఇంటిదానికి చెప్పకండి, తట్టుకోదు" అన్నాడు. భార్యాభర్తలిద్దరూ ఒకరి కోసం ఒకరు దాచుకుంటూ, ఒకే గదిలో ఉండి మాట్లాడుకోకుండా నెలలు గడిపేశారు. బోరు మోటారు మీద ఉన్న అప్పు సంగతి, చిన్న కూతురికి ఇస్తానన్న కమ్మల సంగతి ఆయన లోపలే ఉండిపోయాయి. ఆయన ఒప్పుకున్నాక వాళ్లావిడను లోపలికి పిలిచాం. ఆ సాయంత్రం వాళ్లు ఏడ్చిన ఏడుపు వింటే భయమేసేది, కానీ ఆ తర్వాత ఆ ఇంట్లో మనుషులు మామూలుగా మాట్లాడుకున్నారు.

మీరు ఒట్టు తప్పనక్కర్లేదు, జబ్బు పేరు మీ నోటితో చెప్పనూ అక్కర్లేదు. ఆయన్నే అడగండి. "నాన్నా, ఒంట్లో ఎట్లుంది? ఏమనుకుంటున్నవ్?" అని అడిగి, తర్వాత మీరు మాట్లాడకండి. ఆయన చెప్పినంత వినండి. "నేను బతుకుతానా" అని అడిగితే "నీకేం కాదు" అని నోరు మూయించకుండా, "ఎందుకట్ల అనిపిస్తుంది నాన్నా" అనండి. తెలుసుకోవాలని లేకపోతే ఆయనే మాట మారుస్తారు, అది ఆయన హక్కు. ఆలన బృందం వచ్చినప్పుడు అమ్మతో విడిగా మాట్లాడమని ముందే చెప్పి ఉంచండి. ఈ మాటలు చెప్పడం వాళ్ల పనిలో భాగమే.

అన్నయ్యను విరోధిని చేసుకోవద్దు. ఏడు సముద్రాల అవతల కూర్చుని నాన్నను ముట్టుకోలేని కొడుకు, డబ్బుతోనైనా ఏదో ఒకటి చేయాలని తపిస్తున్నాడు. ఇంకో చోట కూడా చూపించాలన్న ఆయన కోరిక న్యాయమైనదే. దానికి నాన్నను అంబులెన్సులో తిప్పనక్కర్లేదు. బయాప్సీ, స్కాన్ రిపోర్టులు పంపితే చాలు. కీమో ఇచ్చిన డాక్టరుతో అన్నయ్యకు వీడియో కాల్ ఏర్పాటు చేయించండి. "ఇంకేమైనా చేయగలమా" అని అడగకుండా, "ఈ స్థితిలో ఇంకో కీమో ఇస్తే ఎన్నాళ్లు కలిసొస్తాయి, ఆ రోజులు మంచం మీదా, ఆసుపత్రిలోనా" అని సూటిగా అడగమనండి. పాలియేటివ్ కేర్ అంటే వదిలేయడమని ఆయనకు అనిపిస్తుంటే ఆ దేశంలో జరిగిన సంగతే చెప్పండి. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వాళ్లు ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్లలో కొందరికి మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచే పాలియేటివ్ కేర్ ఇచ్చి చూశారు. 2010లో ఫలితాలు వచ్చాయి. వాళ్లు బాధ తక్కువ పడటమే కాదు, మిగతావాళ్ల కన్నా సగటున రెండున్నర నెలలకు పైగా ఎక్కువ బతికారు. జబ్బు వేరే కాబట్టి ఆ లెక్క మీ నాన్నగారికి అట్లాగే వర్తిస్తుందని నేను అనను. నొప్పి చూసుకున్నంత మాత్రాన ఎవరూ తొందరగా పోరని తెలియడానికి మాత్రం అది చాలు.

డబ్బు పంపుతానంటే పంపనివ్వండి. రాత్రి పూట ఒక అటెండర్‌ను పెట్టుకోవడానికి, మంచం అద్దెకు, అమ్మకు కాస్త నిద్ర దొరకడానికి అది కావాలి. ఇంకో మాట గట్టిగా చెప్పండి. సెలవు ఒక్కసారే దొరికేటట్లయితే దినాలకు దాచుకోవద్దని, ఇప్పుడే రమ్మని. నాన్న కళ్లు తెరిచి, పేరు పెట్టి పిలిచే రోజుల్లో రమ్మని.

ఊరికి తీసుకెళ్లమని నాన్న అడుగుతున్నారంటే, తీసుకెళ్లండి. అక్కడ డాక్టరు లేకపోవచ్చు కానీ, రాత్రి రెండింటికి మీకు కావలసింది చేతిలో మందు, ఫోన్‌లో ఒక గొంతు. అవి రెండూ ఉంటే ఊరైనా ఒకటే, జనగామ అయినా ఒకటే. నొప్పి అదుపులోకి వచ్చి మోతాదు కుదిరాక, కనీసం రెండు వారాల మందులతో బయల్దేరండి. ఆలన వాళ్లకు ఊరి పేరు, ఇంటి గుర్తు చెప్పండి. ఓనరు అడగడం వెనక ఏముందో మీకూ నాకూ తెలుసు. అద్దె ఇంట్లో పోతే నక్షత్రం బాగా లేదని ఇల్లు నెలల తరబడి మూసి పెట్టాలనే భయం. అందుకని ఆఖరి రోజుల్లో మనిషిని బయట షెడ్డులో పడుకోబెట్టిన ఇళ్లను కూడా చూశాను, అది చూసిన కళ్లకు మరపు రాదు. ఆయనతో తగాదా పడేంత ఓపిక మీకు ఇప్పుడు లేదు. "నాన్నను మా ఊరికి తీసుకుపోతున్నాం, అప్పటిదాకా ఓపిక పట్టండి" అని మీ ఆయనతో ఒక్క మాట చెప్పించండి. సొంత ఇంట్లో నాన్నగారి మంచం ఆయన కోరిన చోట వేయండి. వాకిలి కనపడేలా వేయమని అడిగేవాళ్లే ఎక్కువ.

చివరి రోజులు ఎట్లా ఉంటాయో ఇప్పుడే చెబుతున్నాను, అప్పుడు భయపడకూడదని. నిద్ర ఎక్కువవుతుంది, మింగడం ఆగిపోతుంది. మింగలేని రోజు వచ్చినప్పుడు మార్ఫిన్ ఏ రూపంలో ఇవ్వాలో ముందే అడిగి ఉంచుకోండి. చేతులు కాళ్లు చల్లబడతాయి. ఊపిరి కాసేపు వేగంగా, కాసేపు ఆగి ఆగి వస్తుంది. గొంతులో గరగరమని చప్పుడు వస్తుంది, అది వినేవాళ్లకు ఉన్నంత బాధ ఆయనకు ఉండదు. ఒక పక్కకు తిప్పి పడుకోబెడితే తగ్గుతుంది, మందు కూడా ఉంది. అందరూ వచ్చి నోట్లో తులసి తీర్థం పోస్తామంటారు. పోయనివ్వకండి, పొలమారుతుంది. తులసాకుతో పెదాలు తడపమనండి, శాస్త్రమూ తీరుతుంది. వినికిడి చివరి వరకూ ఉండొచ్చు కాబట్టి మంచం పక్కన దినాల ఖర్చు మాట్లాడుకోనివ్వకండి.

ఆ సమయంలో ఎవరో ఒకరు కంగారుపడి 108కి ఫోన్ చేస్తారు. అంబులెన్సు ఎక్కాక దారి ఐసీయూకే. గొట్టాలు, వెంటిలేటరు వద్దని నాన్న అనుకుంటే ఆ మాట అమ్మ, అన్నయ్య, మీ ఆయన అందరూ విని ఉండాలి. ఆయన రాసి పెడతానంటే సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుని, 2023లో సులువు చేసిన పద్ధతి ఉంది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ దగ్గరో గెజిటెడ్ అధికారి దగ్గరో ధ్రువీకరించుకోవాలి. రక్తం పోవడం, ఎముక విరగడం, మందులకు లొంగని నొప్పి లాంటివి వస్తే మాత్రం సంకోచించకుండా పాలియేటివ్ కేంద్రానికి తీసుకెళ్లండి.

ఇంట్లో పోయినప్పుడు కాగితం గురించి ఎవరూ చెప్పరు. ఆఖరి జబ్బులో చూసిన డాక్టరు మరణ కారణం రాసి ఇచ్చే పత్రం పేరు ఫారం 4ఏ. అది అడిగి తీసుకోండి. 21 రోజుల లోపు ఊళ్లో అయితే పంచాయతీ కార్యదర్శి దగ్గర మరణం నమోదు చేయించండి. ఎల్‌ఐసీకీ, బ్యాంకుకూ, అమ్మ పింఛనుకూ ఆ సర్టిఫికెట్టే కావాలి.

మీ సంగతి మీరు ఉత్తరంలో ఒక్క ముక్క రాయలేదు. ఇంట్లో పని, పిల్లలు, నాన్న, అమ్మ, ఫోన్లో అన్నయ్య, అన్నీ మీ మీదే ఉన్నాయని మాత్రం తెలుస్తోంది. వారంలో రెండు రాత్రులు వేరే ఎవరైనా మేల్కొనాలి, అది మీ ఆయన కావచ్చు, పెదనాన్న కొడుకు కావచ్చు. అడగండి, అడగందే ఎవరికీ తోచదు. మనసు మరీ బరువెక్కిన రాత్రి టెలీ మానస్ నంబరు 14416కు చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు.

రేపు పొద్దున్నే ఆ డిశ్చార్జి కాగితం, బయాప్సీ, స్కాన్ రిపోర్టులు, కిడ్నీ పరీక్ష, ఇప్పుడు వేస్తున్న మందుల సీసాలు, ఆధార్ కార్డు ఒక సంచిలో వేసుకుని జిల్లా ఆసుపత్రికి వెళ్లండి. నాన్నగారు రాలేని స్థితిలో ఉంటే ఆ మాట మొదటే చెప్పండి. నొప్పి ఎప్పుడు ఎక్కువవుతుంది, నొప్పి పదికి ఎంత ఉందంటారు, ఎన్ని గంటలు నిద్రపోయారు, ఇవి ఈ రాత్రి చూసి రాసుకుని పోండి. "మార్ఫిన్ ఇస్తారా" అని మీరే నోరు తెరిచి అడగండి.